అట్లాంటిక్ ఒడ్డున మన మాట

కెనడా వెళ్ళివచ్చానంటే మావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "నయాగరా చూశారా?" అని. చూడలేదు. రెండో ప్రశ్న "టొరంటోలో ఎన్నాళ్ళున్నారు?" అని. విమానం మారడానికి నాలుగు గంటలున్నాను, అంతే. మేము తిరిగింది ఆ దేశపు తూర్పు కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున. నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అని మూడు చిన్న రాష్ట్రాలున్నాయి అక్కడ. 2024 ఆగస్టులో పన్నెండు రోజులపాటు, సుమారు 1,800 కిలోమీటర్లు, హోటలు మెట్టు ఎక్కకుండా గుడారంలో పడుకుంటూ తిరిగాము. చూసినవన్నీ వరసగా ఏకరువు పెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ తీరంలో మనబోటి వాళ్ళు కొందరు కనిపించారు. వాళ్ళ సంగతి ఈ పత్రిక పాఠకులకు చెప్పాలనిపించింది.

ప్రయాణం చేసినవాళ్ళం ఐదుగురం. నేను, మా ఆవిడ, హాలిఫాక్స్‌లో కాపురముంటున్న మా అమ్మాయి, అల్లుడు, ఏడేళ్ళ మనవరాలు. మాది హోసూరు. అల్లుడిది బాపట్ల. ఈ రెండూళ్ళ పేర్లు కాస్త గుర్తుంచుకోండి, తరువాత పని పడుతుంది. నేను బ్యాంకు ఉద్యోగిని. చదివింది బి.కాం. మూడేళ్ళకొక బదిలీ చొప్పున తమిళనాడు, కర్ణాటక, ఒకసారి ఒడిశా కూడా తిరిగాను. ఊరు మారినప్పుడల్లా మా అమ్మాయి బడి మారింది, బడిలో రెండో భాష మారింది. అందుచేత తనకు తెలుగు చక్కగా మాట్లాడడం వచ్చు గాని చదవడం, రాయడం రావు. మనవరాలికి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. మన ఇళ్ళలో ఈ మెట్లు అందరికీ తెలిసినవే. తాత రాస్తాడు, కూతురు మాట్లాడుతుంది, మనవరాలు వింటుంది. నాలుగో మెట్టు ఏమిటో చెప్పనక్కర లేదు.

గుడారం బతుకు నాకు కొత్త. అక్కడి జాతీయ ఉద్యానవనాల్లో గుడారాల కోసమే చోట్లు కేటాయించి ఉంటాయి. నెలల ముందే కంప్యూటరులో నమోదు చేసుకోవాలి. ప్రతి చోటుకూ ఒక నంబరు, చెక్క బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనుప చట్రం, కారు నిలపడానికి జాగా ఉంటాయి. స్నానాల గదులు నలుగురికీ ఉమ్మడి. పొయ్యిలోకి కట్టెలు ఇంటినుంచి తేరాదు. కట్టెలోని పురుగుతో ఒక అడవి తెగులు ఇంకో అడవికి పాకుతుందని అక్కడికక్కడే కొనుక్కోమంటారు. తినే వస్తువేదీ గుడారంలో ఉంచరాదు. ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయట. రాత్రికి అన్నీ కారులో పెట్టి తాళం వేయాలి. మా ఆవిడ తన ఊరగాయ సీసాను పాత చీర ముక్కలో చుట్టి డిక్కీలో పెడుతూ, "దీనికోసం వచ్చేదైతే అది మనూరి ఎలుగుబంటే" అంది.

మూడు రోజులు గడిచేసరికి ఒక విచిత్రం గమనించాను. పాప నోట తెలుగు మాటలు రాలడం మొదలైంది. ఇంట్లో ఎవరి గది వారిది, ఎవరి తెర వారిది. గుడారం దగ్గర అలా కుదరదు. తాడు లాగాలి, మేకు కొట్టాలి, కట్టె అందించాలి, నీళ్ళు మోయాలి. చెయ్యి ఖాళీ లేనప్పుడు నోటికి ఏది దగ్గరగా ఉంటే ఆ మాటే వస్తుంది. మేమందరం "తాడు, తాడు!" అని అరుస్తుంటే, ఆ పిల్ల కూడా "తాతా, తాడు పట్టుకో!" అంది. నెలకు నాలుగు ఆదివారాలు ఫోనులో పద్యాలు చెప్పించినా రాని వాక్యం అది. మాటకు పని ఉంటే మాట బతుకుతుందని నాకు అప్పుడు తట్టింది. ఆ తరువాత చూసినవన్నీ ఆ సంగతినే మరికొంత విప్పి చెప్పాయి.

మొదట ఆగిన ఊరు హాలిఫాక్స్ నుంచి గంట దూరంలోని గ్రాన్-ప్రే. ఫ్రెంచిలో పెద్ద పచ్చిక అని అర్థం. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు నుంచి వచ్చి ఈ తీరంలో స్థిరపడ్డ రైతులను అకేడియన్లంటారు. వాళ్ళు అడవి నరకకుండా, సముద్రం పోటు వచ్చినప్పుడల్లా మునిగే ఉప్పు నేలలకు కట్టలు కట్టి సాగు చేశారు. కట్ట అడుగున చెక్క తూము ఒకటి. దానికి ఒకవైపే తెరుచుకునే తలుపు. సముద్రం వెనక్కి తగ్గితే పొలంలోని వాననీరు తోసుకుని బయటికి పోతుంది. సముద్రం పైకి లేస్తే అదే నీటి ఒత్తిడికి తలుపు మూసుకుంటుంది. కాపలా మనిషి అక్కర లేదు. రెండు మూడేళ్ళ వానలకు ఉప్పు కడుక్కుపోయి బంగారం లాంటి భూమి చేతికొస్తుంది. చెరువు తూములు చూసి పెరిగిన నాకు ఆ చెక్క తూము ముందు నిలబడితే చేతులు జోడించాలనిపించింది. 2012లో యునెస్కో ఈ చోటును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ భూములు ఇంగ్లీషువారి ఏలుబడిలోకి వచ్చాక, బ్రిటిషు రాజుకు షరతులు లేని విధేయతా ప్రమాణం చేయమన్నారు. ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు యుద్ధం వస్తే తాము ఎవరి పక్షమూ పట్టమని అకేడియన్లు అన్నారు. 1755 సెప్టెంబరు 5న గ్రాన్-ప్రే చర్చికి రమ్మని మగవాళ్ళకు కబురు వెళ్ళింది. 418 మంది వెళ్ళారు. తలుపులు మూసి, కర్నల్ జాన్ విన్‌స్లో ఆజ్ఞ చదివాడు. భూములు, పశువులు రాజుగారివి. మనుషులను ఓడలెక్కించి దేశం దాటిస్తారు. 1763 దాకా సాగిన ఆ వెళ్ళగొట్టడంలో పదివేల మందికి పైగా చెల్లాచెదురయ్యారు. రోగాలకు, ఓడ ప్రమాదాలకు వేల మంది పోయారు. కొందరు చివరికి లూసియానా చేరారు. తిరిగి రావచ్చని 1764లో అనుమతి దొరికింది గాని, అప్పటికి వాళ్ళ పొలాల్లో వేరేవాళ్ళున్నారు. తిరిగొచ్చిన వాళ్ళకు దక్కింది రాతి గట్లు, చేపల వేట.

మాదీ అదే కథ అని నేను అనను. అనడం ఆ చనిపోయినవాళ్ళకు అన్యాయం. మమ్మల్ని ఎవరూ ఓడలెక్కించలేదు. హోసూరు తెలుగువాళ్ళం ఎక్కడికీ కదల్లేదు. 1956లో రాష్ట్రాల హద్దులే మా చుట్టూ కదిలాయి. మనిషిని నేలనుంచి పెకలించడం ఒకటి, నేలకు పేరు మార్చడం ఒకటి. మొదటిదాంట్లో ఏడుపు వినిపిస్తుంది. రెండోదాంట్లో బడి గదులు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి, చప్పుడుండదు.

అక్కడినుంచి ఫండీ అఖాతం చుట్టి న్యూ బ్రన్స్‌విక్‌లోని ఫండీ జాతీయ ఉద్యానవనంలో మూడు రాత్రులున్నాము. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన పోటు లేచేది ఈ అఖాతంలోనే. ఎక్కువగా లేచినప్పుడు 16 మీటర్లు, అంటే ఐదంతస్తుల మేడంత. ఒక్క పోటులో లోపలికి వచ్చే నీరు సుమారు 16,000 కోట్ల టన్నులు. అఖాతం పొడవు, లోతు ఎలా కుదిరాయంటే, లోపల నీరు ఒకసారి ఊగి రావడానికి పట్టే కాలం, చంద్రుడు సముద్రాన్ని లాగే పన్నెండు గంటల పాతిక నిమిషాలకు దాదాపు సరిపోతుంది. ఊయల వెనక్కి వచ్చిన క్షణంలోనే మళ్ళీ తోసినట్టు.

హోప్‌వెల్ రాక్స్ అనేచోట నీరు తగ్గినప్పుడు మెట్లు దిగి సముద్రపు అడుగున నడిచాము. తలమీద చెట్లున్న రాతి స్తంభాలు, మొదళ్ళు నీటి కోతకు సన్నబడి, నెత్తిన గంప పెట్టుకున్న మనుషుల్లా నిలబడి ఉన్నాయి. సాయంత్రం వెళ్ళి చూస్తే మేము నడిచిన దారిలో పడవలు వెళుతున్నాయి. "ఆటుపోట్లు" అన్న మాట ముప్పయ్యేళ్ళుగా రుణాల నివేదికల్లో వాడుతున్నాను, "వ్యాపారంలో ఆటుపోట్లు సహజం" అని. హోసూరుకు సముద్రం లేదు. ఆ మాటకు ఒళ్ళంటూ ఒకటి ఉందని అక్కడే చూశాను. పాపకు చెప్పాను, నీళ్ళు వెనక్కి పోతే ఆటు, ముందుకొస్తే పోటు అని. అది వెంటనే "ఇప్పుడు ఆటా, పోటా?" అని అడగడం మొదలుపెట్టి రెండు రోజులు మా ప్రాణం తీసింది.

ఆ రాత్రి పొయ్యి దగ్గర వాదం లేచింది. పాప కట్టెల వైపు చూపిస్తూ నన్నడిగింది. "తాతా, నువ్వు అగ్గి అంటావు, డాడీ నిప్పు అంటాడు. విచ్ వన్ ఈజ్ రైట్?" రెండూ సరే అన్నాను. మా అమ్మాయి అందుకుంది.

"అదే నాయనా నేను చెప్పేది. నాకు చదివేదే రాదు, దానికి నేనేం నేర్పేది? నేర్పినా ఏ తెలుగు నేర్పాల? మన మాట మాట్లాడితే వాళ్ళూరోళ్ళు నవ్వుతారు. అరవ తెలుగంటారు. పెళ్ళయిన కొత్తలో నేను పడినాను కదా."

అల్లుడు ఇబ్బందిగా నవ్వి, "మా పిన్నివాళ్ళు ఏదో సరదాకి అన్నారు మామయ్యా" అన్నాడు.

"సరదాకే. అయినా ఏడాది నోరు మూసుకున్నా" అంది అమ్మాయి.

నాకు ఆ సంగతి అంతవరకూ తెలియదు. కట్టె చిటపటలు తప్ప కాసేపు ఎవరికీ మాట లేదు. మనం రెండువైపులా పరాయివాళ్ళం. ఇక్కడ తెలుగువాళ్ళమని, అక్కడ తెలుగు సరిగా రానివాళ్ళమని. ఈ పత్రిక చదివే బళ్ళారివాళ్ళకూ, బరంపురం వాళ్ళకూ, షోలాపురం వాళ్ళకూ ఇది విడమరచి చెప్పనక్కర లేదనుకుంటాను.

జవాబు నేను చెప్పలేకపోయాను గాని, రెండు రోజుల తరువాత దారిలో దొరికింది. మాంక్టన్ నగరంలో కార్డులు కొందామని పోస్టాఫీసుకు వెళ్ళాను. కిటికీ దగ్గరి అమ్మాయి "హలో, బోంజూర్" అంది. రెండూ కలిపి ఒకే పలకరింపు. మనం ఏ భాషలో బదులిస్తే ఆ భాషలో పని జరుగుతుంది. న్యూ బ్రన్స్‌విక్ జనాభాలో ఫ్రెంచివాళ్ళు సుమారు మూడింట ఒకవంతు. అక్కడ ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రి పదవికి వచ్చిన మొదటి అకేడియన్ లూయీ రొబిషో. ఆయన హయాంలో 1963లో మాంక్టన్‌లో ఫ్రెంచి విశ్వవిద్యాలయం వచ్చింది. 1969లో రెండు భాషలూ అధికార భాషలయ్యాయి. కెనడా రాష్ట్రాల్లో ఈ పద్ధతి ఉన్నది ఈ ఒక్కదానిలోనే.

నేను మాత్రం చట్టం సంగతి కంటే ఆ కిటికీ సంగతే ఎక్కువ ఆలోచించాను. నా ఉద్యోగమంతా కిటికీ వెనకే గడిచింది. మా బ్యాంకు ఫారాల మీద మూడు భాషలుంటాయి, ఇంగ్లీషు, హిందీ, తమిళం. తళి, డెంకణికోట వైపు పల్లెలనుంచి వచ్చే ముసలి రైతులకు వాటిలో ఏదీ చదవ రాదు. సంతకం మాత్రం తెలుగులో చేస్తారు. తలకట్టు, దీర్ఘం సహా గుండ్రంగా, ఆనాటి పంతులు కొట్టి నేర్పిన చేతివ్రాత. బయటి ప్రాంతంనుంచి వచ్చిన కుర్ర ఆఫీసరుకు అది బొమ్మలా కనిపిస్తుంది. నమూనాతో సరిపోల్చడానికి నా దగ్గరకు తెచ్చేవాడు. నేను చూసి, "సరిగా ఉంది, ఇచ్చేయండి" అనేవాణ్ణి. కొత్తగా తెరిచే ఖాతాల్లో తెలుగు సంతకం ఇప్పుడు దాదాపు కనిపించదు. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చాక తెలుగు బడుల సంగతి ఏమైందో మీకు తెలిసిందే. తమిళం మీద నాకు కోపం లేదు, అది నాకు అన్నం పెట్టిన భాష. తెలుగు సంతకాన్ని పోల్చగల మనిషి కిటికీ వెనక ఇక ఎన్నాళ్ళుంటాడన్నదే నా దిగులు. నా పదవీ విరమణకు ఇక రెండేళ్ళే ఉంది.

షెడియాక్ అనే ఊళ్ళో సముద్రపు రొయ్య జాతిది, లాబ్‌స్టర్ అంటారు, పది మీటర్ల పైచిలుకు బొమ్మ ఉంది. పాప చూసి "ఎంత పెద్ద ఎండ్రకాయ!" అని కేక పెట్టింది. నేను అంతకుముందు రోజు ఒడ్డున నేర్పిన మాట అది. అల్లుడు "ఎండ్రకాయ ఏమిట్రా, పీత అనాలి. అసలిది పీతే కాదు" అన్నాడు. బొమ్మ కింద నిలబడి మామా అల్లుళ్ళం పావుగంట వాదించుకున్నాము. పాప రెండు మాటలూ పట్టుకుంది. పిల్లలకు రెండు మాటలు భారం కావు, వాళ్ళకు అది ఆట. భారం పెద్దవాళ్ళదే.

ఆ రాత్రి బస కూచిబుగ్వాక్ జాతీయ ఉద్యానవనంలో. మిగ్మా అనే ఆదివాసుల భాషలో దీర్ఘమైన పోట్ల నది అని అర్థమట. 1969లో ఈ ఉద్యానవనం కోసం రెండు వందలకు పైగా కుటుంబాలను ఖాళీ చేయించారు. ఎక్కువమంది అకేడియన్లే. జాకీ వొతూర్ అనే ఆయన మాత్రం వెళ్ళనని మొండికేసి, 2021లో చనిపోయేదాకా ఆ నేలమీద హక్కు వదులుకోలేదు. ఈ కథ మాకు చెప్పింది పక్క గుడారంలో ఉన్న డెబ్భయి ఏళ్ళ అకేడియన్ అవ్వ, రిటైరైన నర్సు. మా ఆవిడ ఇచ్చిన చిత్రాన్నం తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం పెట్టించుకుంది.

ఆమె చెప్పింది విన్నాను. వాళ్ళమ్మ కాలంలో మాంక్టన్ కొట్లలో ఫ్రెంచిలో అడగడానికి జంకేవారట. భాష వంటింట్లో, పడవల్లో మిగిలింది. పారిస్‌వాళ్ళు, క్యుబెక్‌వాళ్ళు కూడా మీది పాడు ఫ్రెంచి అని నవ్వేవారట. 17వ శతాబ్దపు మాటలు వాళ్ళ నోట ఇంకా నిలిచి ఉండడమే అందుకు కారణం. ఆ ఊరి పిల్లలు ఇంగ్లీషు కలిపి మాట్లాడే భాషకు షియాక్ అని పేరే ఉంది. "తరువాత ఆంతొనీన్ మయ్యె మా మాటలోనే నవల రాసింది. 1979లో పారిస్‌వాళ్ళే పిలిచి గోంకూర్ బహుమతి ఇచ్చారు. ఆ రోజునుంచి మా అమ్మ కొట్లో గట్టిగా మాట్లాడింది" అంది. ఆ బహుమతి కెనడాకు రావడం అదే మొదలు.

మా అమ్మాయి ఆమె మాటలు కన్నార్పకుండా విన్నది. హోసూరు రచయితలు మా మొరసునాటి మాటలోనే కథలు రాసి పుస్తకాలు వేశారని నేను అన్నాను. "ఆ పుస్తకాలు పంపు నాయనా" అని, కాసేపాగి, "చదివి వినిపించు, ఫోనులో" అంది.

ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ గురించి రెండు ముక్కలు. ఎర్రమట్టి దీవి, బంగాళదుంప పొలాలు. 1997లో కట్టిన 12.9 కిలోమీటర్ల వంతెన మీదుగా వెళ్ళాము. దీవిలోకి వెళ్ళేటప్పుడు సుంకం అడగరు, బయటికి వచ్చేటప్పుడే. మేము వెళ్ళిన ఏడాది యాభై డాలర్ల పైచిలుకు, అంటే మన మూడు వేల రూపాయలు. తిరిగిరావడం మేము పడవలో కనుక ఆ ఖర్చు పడవకు పెట్టాము.

చివరి మజిలీ కేప్ బ్రెటన్ దీవిలో షెటికాంప్. వెళ్ళగొట్టబడి తిరిగొచ్చినవాళ్ళు కట్టుకున్న చేపల ఊరు. 298 కిలోమీటర్ల కాబట్ ట్రెయిల్ రోడ్డు, ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రంగా ఈ ఊరిమీదుగానే పోతుంది. ఆగస్టు 15 నాటికి అక్కడున్నాము. అది మనకు స్వాతంత్ర్య దినం. అకేడియన్లకు అది జాతీయ దినం, 1881లో వాళ్ళు కూడి ఎంచుకున్నది. నీలం, తెలుపు, ఎరుపు మీద పసుపు నక్షత్రమున్న జెండా 1884 నాటిది. ఆ రోజు వాళ్ళకు టింటమార్ అని ఒక ఆచారముంది. చిన్నా పెద్దా రోడ్డెక్కి గిన్నెలు, మూతలు, డబ్బాలు వాయిస్తూ ఊరేగుతారు. కొన్ని ఊళ్ళలో సరిగ్గా సాయంత్రం 5 గంటల 55 నిమిషాలకు మొదలుపెడతారు. వాళ్ళ లెక్కలో అది 17:55. అర్థం ఒక్కటే: మేము ఇంకా ఉన్నాము.

మా పాప వంట గిన్నె మూత తీసుకుంది. దానిమీద రంగు కలంతో తన పేరు ఇంగ్లీషులో రాసి, "తాతా, తెలుగులో ఎలా రాస్తారు?" అంది. కాగితం మీద రాసి చూపించాను. నాలుగక్షరాలు చూసి గీసింది, ఒక దీర్ఘం తిరగబడింది. తరువాత మా అమ్మాయి ఇంకో మూత నా ముందు పెట్టి, "నాదీ రాసియ్యి నాయనా" అంది. తన పేరు కూడా తను చూసి గీసుకుంది. ముప్పై రెండేళ్ళ మనిషి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టి, ఒకటో తరగతి పిల్లలా. ఆ మూతలు వాయిస్తూ ఇద్దరూ ఊరేగింపులో నడిచారు. మా ఆవిడ చేతిలో చిన్న మూడు రంగుల జెండా ఉంది. ఎవరూ వింతగా చూడలేదు. ఒకాయన ఇదే లిపి అని అడిగి, అక్షరాల గుండ్రతనం మెచ్చుకున్నాడు.

ఆ దీవిలోనే స్కాట్లండ్ గేలిక్ మాట్లాడేవాళ్ళున్నారు. ఒకప్పుడు పల్లె పల్లెనా వినిపించిన ఆ భాష ఇప్పుడు చాలా కొద్దిమంది నోట మిగిలింది. 1938లో పెట్టిన గేలిక్ కళాశాల దాన్ని పట్టుకుని ఉంది. వీళ్ళందరికంటే ముందు నుంచీ ఉన్న మిగ్మా భాషను నోవా స్కోషియా తన మూలభాషగా చట్టంలో గుర్తించింది 2022లో మాత్రమే. ఒకే తీరంలో నాలుగు భాషలు, నాలుగు ఎత్తుల్లో నీళ్ళు. ఒకటి నిండు పోటు, మిగతావి ఎక్కువో తక్కువో ఆటు.

నేను లెక్కల మనిషిని గనుక లెక్కగానే చెబుతాను. అకేడియన్లకు ఉన్నవి మనకు లేవు. మన భాషకు మనమున్నచోట విశ్వవిద్యాలయం లేదు, కిటికీ దగ్గర "హలో, బోంజూర్" అనిపించే చట్టం లేదు. వాళ్ళకూ రెండు వందల ఏళ్ళు అవి లేవు. అన్నాళ్ళూ వాళ్ళను నిలిపింది వంటిల్లు, పడవ, తమ మాట తక్కువది కాదన్న నమ్మకం. మనకు పడవ బదులు అంగడి ఉంది, పొలముంది, బ్యాంకు కిటికీ ఉంది. బడి కోసం పోరాడేవాళ్ళు పోరాడుతున్నారు, వాళ్ళకు దండం. తక్కినవాళ్ళం కనీసం కూర్చున్న కుర్చీలోంచి తెలుగువాడికి తెలుగులో బదులివ్వగలం. పిల్లల చేత పద్యాలు చెప్పించడంతో పాటు, వాళ్ళకు తెలుగులో నాలుగు పనులు చెప్పగలం.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోనులో మొరసునాటి కథ ఒకటి చదివి వినిపిస్తున్నాను. మా అమ్మాయి అక్షరాలు కూడబలుక్కుంటోంది. గుణింతాల దాకా వచ్చింది. క్రితం నెల పాప నుంచి ఒక కార్డు వచ్చింది. విషయమంతా ఇంగ్లీషే. కింద సంతకం మాత్రం తెలుగులో ఉంది. దీర్ఘం ఈసారి సరైన వైపే తిరిగింది.